కొరికి ఇచ్చిన బొమ్మ

పూర్తయిన ప్రతి బొమ్మనూ ఆమె కొరికేది. బొమ్మ కుడిచేతిని ముందుపళ్ల మధ్య పెట్టి గట్టిగా ఒక్క పట్టు పట్టేది, ఒకసారి చప్పరించేది. నాలుకకు రంగు తగలకపోతే, పంటికి దారం ఊడిరాకపోతే బుట్టలో వేసేది. అందుకే ఆ రేకుల షెడ్డులోని ఆడవాళ్లంతా ఆమెను కొరుకుడత్త అని పిలిచేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో భద్రంగా ఉండేది, దానితో ఎవరికీ పనిపడలేదు.

బొమ్మను చేతికిచ్చినా పిల్లలు చేర్చేది నోటికేనని ఆమెకు ఈ విద్య నేర్పిన మేనత్త చెప్పింది. ఆ మాటను కొరుకుడత్త నలభై ఏళ్లుగా తప్పలేదు. గుండీ కళ్లు పెడితే పసివాళ్లు మింగుతారని కళ్లను దారంతోనే కుట్టేది. పైన వాడి వాడి మెత్తబడిన నూలుగుడ్డ, లోపల గింజలేరిన బూరుగు దూది. పసుపుకు దానిమ్మ తొక్క, ఎరుపుకు మంజిష్ఠ వేరు. ఈ ఎరుపు మహా పెంకిది. గుడ్డను పటిక నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, వేరు కషాయంలో సన్నని సెగ మీద ఉడికించి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. మొత్తం ఐదు రోజుల పని. ఎక్కడ తొందరపడినా పంటికింద పట్టుబడిపోతుంది.

షెడ్డు యజమానురాలిని అందరూ మేడం అనేవారు. ఆవిడకు ప్రకృతి అంటే ప్రాణం. ఆ ప్రాణం సందర్శకులు వచ్చినప్పుడే లేచొచ్చేది. "ఈ తల్లుల చేతుల్లో మట్టివాసన ఉందండీ" అని కళ్లు అరమూసి చెప్పేది. ఆ తల్లులు నడుం నొప్పులని పీటలు అడిగితే, నేలమీద కూర్చుంటేనే ఫొటో బాగుంటుందనేది. బొమ్మల పెట్టెల మీద అత్త చేతులను అచ్చు వేయించింది, ముఖాన్ని మాత్రం కత్తిరించేసింది. ముఖం ఉంటే జనం పేరడుగుతారు, పేరు తెలిస్తే ఎంతిస్తున్నారని అడుగుతారు. అంత దూరం ఎందుకు?

ఆ వచ్చే పెద్దమనుషులూ తక్కువవారేం కాదు. గుడ్డబొమ్మను గుండెకు హత్తుకుని "ఎంత స్వచ్ఛం!" అని కరిగిపోయేవారు. దాన్ని చేసిన మనిషి మంచినీళ్లు అందిస్తే మాత్రం గ్లాసు పుచ్చుకుని, తాగకుండా కిటికీలో పెట్టి వెళ్లేవారు. సాయంత్రం ఆ నిండు గ్లాసులను, అదే షెడ్డులో పనిచేసే అత్తగారి కోడలు ఒక్కొక్కటిగా తొట్టిలో ఒంపేది.

ఒకరోజు ఎర్రటోపీ బొమ్మలు కావాలని పెద్ద ఆర్డరు వచ్చింది. రంగు బానల దగ్గర పనిచేసే ఆ కోడలి ముందు మేడం ఒక డబ్బా పెట్టింది. దాని చీటీ చింపేసి ఉంది.

"ఇకమీద ఎరుపుకి ఇదే. వేడినీళ్లలో రెండు చెంచాలు చాలు. గంటలో అయిపోవాలి."

"ఇది ఏ వేరు పొడి మేడం?" కోడలు అమాయకంగా అడిగింది.

"నీకెందుకమ్మా ఆ శాస్త్రం?" అని మేడం అత్త వైపు తిరిగింది. "నువ్వు కూడా ఆ కొరకడం మానెయ్. ఎంగిలి బొమ్మలని వెక్కిరిస్తున్నారు. సిగ్గుగా ఉంది నాకు."

మధ్యాహ్నం ఎవరూ చూడకుండా అత్త ఒక ఎర్రటోపీ కొరికింది. పెదవులు ఎర్రబడ్డాయి, నాలుక చురుక్కుమంది. మూడుసార్లు పుక్కిలించినా చేదు పోలేదు. ఆ ఎర్రటి పెదవులతోనే మేడం గది గుమ్మంలో నిలబడింది.

"రంగు దిగుతోంది మేడం. పిల్లల నోట్లోకి పోతుంది."

"పిల్లలు ఆడుకుంటారు కానీ తింటారా?"

"తింటారు మేడం. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లకి తెలుస్తుంది."

మేడం ముఖం మాడింది. "ఇష్టముంటే చెయ్, లేకపోతే నువ్వూ నీ కోడలూ ఇంటికెళ్లండి. నీలాంటివాళ్లు వీధికి పదిమంది."

దారిలో కోడలు అత్త చెయ్యి పట్టుకుంది. "ఊరుకోండి అత్తయ్యా. మీ అబ్బాయి కాలికి కట్టు ఇంకా విప్పలేదు. మన ఇద్దరి పనీ పోతే ఏం తింటాం?"

అత్త ఊరుకుంది. పద్దెనిమిది రోజులు తల వంచుకుని ఎర్రటోపీలు కుట్టింది. ఒక్కదాన్నీ కొరకలేదు. మేడం మీద ఆమెకు అసహ్యం వేసింది. ఇంటికెళ్లి అద్దంలో ముఖం చూసుకుంటే అంతకన్నా ఎక్కువ అసహ్యం వేసింది.

మేడం పెట్టిన బొమ్మల ప్రదర్శన రోజున హాలంతా పూలతో, పెద్దమనుషులతో నిండిపోయింది. అత్తనూ కోడలినీ వేదిక కింద చాప మీద అలంకారానికి కూర్చోబెట్టారు. పిల్లల డాక్టరొకాయన ముఖ్య అతిథి. సహజత్వం గురించి ఆయన అరగంట మాట్లాడాడు, ఒక్క బొమ్మనైనా తిప్పి చూడకుండా. అంతలో చంటిబిడ్డను చంకనేసుకుని ఒక తల్లి బల్ల దగ్గరకు వచ్చింది. బిడ్డ చెయ్యి చాచి ఎర్రటోపీ బొమ్మను అందుకుని, అందుకున్నదే తడవుగా నోట్లో పెట్టుకుంది.

అత్త ఒక్క ఉదుటున లేచింది. బొమ్మను బిడ్డ నోట్లోంచి లాగేసింది. బిడ్డ గుక్కపట్టింది.

"మతిపోయిందా ముసలిదానికి!" మేడం పరుగున వచ్చింది. "ఏమీ కాదమ్మా, అంతా వేర్లూ బెరళ్లే. తల్లిపాలంత స్వచ్ఛం."

అత్త కొత్త పెట్టె చించి ఇంకో ఎర్రటోపీ బొమ్మను తీసింది. "అయితే మీరు ఒక్కసారి కొరకండి మేడం. ఇది ఎవరి ఎంగిలీ కాదు."

అందరూ చూస్తున్నారు కాబట్టి మేడం బొమ్మను పుచ్చుకుని, నవ్వుతూనే పెదవుల దాకా తీసుకెళ్లింది. అక్కడ చెయ్యి ఆగింది. చీటీ చింపింది తనే కదా! బొమ్మను మెల్లగా బల్లమీద పెట్టేసింది.

తల్లి కొంగుతో బిడ్డ పెదవులు తుడిచింది. కొంగు ఎర్రబడింది. ఇక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అంతసేపు ఉపన్యసించిన డాక్టరు చేతిలోని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రేపట్నుంచి మీరిద్దరూ రావద్దు" అంది మేడం పళ్లు బిగించి.

కోడలు బల్ల చివరనున్న పాత బుట్టలోంచి పసుపు బొమ్మను తీసి, దాని చేతిని తానే కొరికి, చప్పరించి, కొంగుతో తుడిచి బిడ్డకు అందించింది. తల్లి వద్దనలేదు. నిన్నటిదాకా ఊరుకోమన్న పిల్ల అలా నిలబడేసరికి అత్త కళ్లు చెమర్చాయి.

అయినా కొందరికి బుద్ధి రాదు. ఇంత జరిగాక కూడా ఒక పెద్దమనిషి కెమెరా పట్టుకుని అత్త చేతుల మీదకు వంగాడు.

"చేతులెందుకు బాబూ? ముఖం తియ్యి," అంది అత్త. "పద్దెనిమిది రోజులు తెలిసీ నోరు మూసుకున్న ముఖం ఇది. నాకు తిండి పోతుందని ఊరి బిడ్డలకి విషం కుట్టాను. అది కూడా రాసుకో. రాసుకుని అందరికీ చెప్పు. పెట్టె మీద రాసిన మాటలు నమ్మకండి, మాలాంటివాళ్ల చేతులు చూసి మురిసిపోకండి. అమ్మేవాళ్లు తమ నోట పెట్టుకోలేని వస్తువుని మీ బిడ్డ చేతికి ఇవ్వకండి."