చెరో స్కీ

బయట వదిలే స్కీల జతను విడదీసి పెట్టడం ఆస్ట్రియా మంచుకొండల్లోని టిరోల్ పిల్లలకు నడకతో పాటే వస్తుంది. వెరెనా, ఆగ్నెస్ ఇంకో ఆకు ఎక్కువే చదివారు. ఇద్దరివీ ఒకే పొడవు స్కీలు, ఒకే కొలత బూట్లు. వెరెనావి ఎరుపు, ఆగ్నెస్‌వి నీలం. ఒక ఎరుపూ ఒక నీలమూ కలిపి కొండమీది హోటలుకు ఈ చివర, మిగతా రెండూ ఆ చివర నిలబెట్టేవారు. కలవని జతను ఏ దొంగ ముట్టుకుంటాడు?

ముట్టుకున్నాడు. బార్లీ సూపు తాగి బయటికొచ్చేసరికి ఆ చివర మంచులో రెండు గుంటలు మిగిలాయి.

"రంగులైనా చూసుకోని వెధవ," అంది ఆగ్నెస్.

కాసేపట్లో ఒక్కొక్కరే కొండ దిగే స్కీ పోటీ. మొదటొచ్చిన పిల్లకే రాష్ట్ర జట్టులో చోటు. ఆగ్నెస్‌కు వచ్చే ఏడు కూడా ఉంది. వెరెనాకు వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరు. వేరే స్కీల కోసం అందర్నీ అడిగి కోచ్ చేతులెత్తేశాడు.

"ఏడవకే," అంది ఆగ్నెస్. "ఈ రెండిటితో నీకంటే ముందు నేను దిగుతా. నీ వంతు చివర్న కదా, కింద కుర్చీల లిఫ్టెక్కి పైకి తెచ్చిస్తా."

"కింద లైను చూశావా? సెలవుల జనమంతా అక్కడే ఉంది."

"తోసుకొస్తాలే. నా మోచేతుల సంగతి నీకు తెలీదూ?"

తన వంతు రాగానే ఆగ్నెస్ దూకింది. వెరెనా ఉత్త బూట్లతో పైనే నిలబడింది. సగం దారిలో, లిఫ్టును మధ్యలో ఎక్కే చోటికి, ఆగ్నెస్ అప్పటిదాకా దిగినవాళ్లందరి సమయం కంటే ముందుందని మైకు చెప్పింది. వెరెనా సంతోషించబోయి ఆగిపోయింది. గెలుస్తున్న పిల్ల నాకెందుకు స్కీలు తెచ్చిస్తుంది? ఛీ, పాడుబుద్ధి అని తిట్టుకుంది. అయినా ఆ ఆలోచన పోలేదు.

అంతలో మళ్లీ మైకు. ఆగ్నెస్ ట్రాక్ తప్పింది, పోటీలో లేదు.

పడిందా? కాలు విరిగిందా? స్కీ విరిగిందా? మూడోది తోచినందుకు వెరెనాకు తలకొట్టేసినట్టయింది.

ఒక్కొక్కరే దిగిపోతున్నారు. లిఫ్టు కుర్చీల్లో ఎవరెవరో వస్తున్నారు, ఆగ్నెస్ లేదు. ఇంకొక్క పిల్ల దిగితే తన వంతనగా ఒక కుర్చీలో ఆగ్నెస్ కనబడింది. ఒంటిమీద మంచు రవ్వ లేదు. దిగుతూనే స్కీలు విప్పి వెరెనా కాళ్ల ముందు పెట్టింది.

"పడ్డావా?"

"కాలెత్తు."

"నువ్వు పడలేదే. మధ్యలో ఆగి లిఫ్టెక్కావు."

"కింద ఆ లైనులో పడితే తెల్లారేది. కాలెత్తవే."

"నువ్వు ముందున్నావు, ఆగ్నెస్."

"తెలుసు. మైకు నాకూ వినబడింది," అంది ఆగ్నెస్ తలెత్తకుండా. వెరెనా బూటు అడుగున మంచు దులిపి స్కీలో బిగించింది.

వెరెనా పేరు పిలిచారు.