ఎనభై ఎనిమిదో మెట్టు

వేలితో నొక్కే అరవై రెండో మెట్టు ఊడదీసి, అంకె వేసి, వరసలో పెట్టాడు పియానో మేస్త్రీ. యాభై ఆరేళ్ల మనిషి. నాన్న చేసిన పనే బాబాయి దగ్గర నేర్చుకున్నాడు. వాయించమంటే మాత్రం చేతులు వెనక్కి కట్టుకుంటాడు. పెట్టెలో ఎలుకలు కాపురం పెట్టి, ఉన్నిగుడ్డంతా పక్కలేసుకుని పోయాయి. వాటినతను తిట్టలేదు. వాటి పుణ్యమా అనే ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

ఎనభై ఎనిమిదోది, చివరి మెట్టు దగ్గర చెయ్యి నెమ్మదించింది. బాగుచేసినవాడు అది ఎవరి పియానోనో, ఏ ఏడో ఆ మెట్టు చెక్క పక్కన రాసి మూసెయ్యడం ఈ పనివాళ్ల ఆనవాయితీ. మళ్లీ విప్పే మేస్త్రీకి తప్ప ఎవరికీ కనిపించదు. మొదట డాక్టరుగారిల్లు. తర్వాత నాట్యశాల, ఆపైన ఆడపిల్లల బడి. ఆఖరుది, ఇప్పుడు దీన్ని పంపిన టీచరమ్మ ఇల్లు.

ఆ ఆఖరి రాత నాన్నది. ఏడంకెకు నడుం మీద అడ్డగీత గీసేది ఆయనొక్కడే. మేస్త్రీ మురిసిపోయాడు. అప్పుడు సంవత్సరం చూసి గతుక్కుమన్నాడు. అది తన పెళ్లయిన ఏడు. నాన్న పోయింది తన తొమ్మిదో ఏట.

అక్కకు ఫోన్ చేశాడు.

"నాన్న నిజంగా పోయాడా అక్కా?"



"అమ్మ చెప్పొద్దందిరా. పోయాడంటే నువ్వు గుమ్మంలో కూర్చుని ఎదురుచూడవని. ఇల్లొదిలి వెళ్లిపోయాడు, అంతే."

నలభై ఏడేళ్లు లేడనుకున్న మనిషి ఎక్కడో ఉన్నాడేమో! ఉంటే ఎనభై దాటి ఉంటాయి. ఉండొచ్చుగా! కోపం తర్వాత పడొచ్చు, ముందు ఒక్కసారి చూడాలి. చేతులకంటిన జిగురైనా కడుక్కోకుండా బస్సెక్కాడు. టీచరమ్మ ఊరు మూడు గంటల దారి.

"అమ్మా, ఇదివరకు మీ పియానో చూసే ఆయన ఎక్కడుంటాడు?" అని గుమ్మంలోనే అడిగాడు.

"పక్క వీధిలోనే ఉండేవాడు బాబూ. పోయిన చలికాలంలో పోయాడు, నిద్రలోనే." టీచరమ్మ కుర్చీ చూపించింది. "తన తర్వాత నీకే పంపమన్నాడు. ఇంకెవరి చెయ్యీ పడనివ్వొద్దన్నాడు. నువ్వేమవుతావని అడిగితే నవ్వేసి ఊరుకున్నాడు."

మేస్త్రీ కూర్చోలేదు. ఇన్నేళ్లూ తానెక్కడున్నదీ నాన్నకు తెలుసన్నమాట. మూడు గంటల దారి. తలుపు పట్టుకుంటే వేళ్లకు ఏదో గుడ్డ తగిలింది.

"ఆ కోటు ఆయనదే, ఆఖరిసారి వచ్చినప్పుడు మరిచిపోయాడు," అంది టీచరమ్మ.

తలుపు వెనక కొక్కేనికి ముతక పనికోటు వేలాడుతోంది, మోచేతుల దగ్గర అతుకులతో, విప్పినప్పుడు లోపలికి తిరగబడిన ఒక చెయ్యి అలాగే ఉండిపోయి.