కోల్డ్ స్టోరేజీలో దాచిన బూట్లు

మిర్చికి పనికొచ్చే చలి బూటుకు పనికిరాకుండా పోతుందా? కలీం నమ్మకం అదీ. సత్తెనపల్లి దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో అతను సూపర్‌వైజరు. అక్కడ పెట్టిన కాయ ఏడాదైనా రంగు తగ్గదు కదా అని, ఎప్పుడో ముచ్చటపడి కొన్న బాస్కెట్‌బాల్ బూట్లను పెట్టెతో సహా మిర్చి బస్తాల వెనకాల దాచాడు. అరుదైన జత, ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఏళ్ల తరబడి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. చెల్లెలు మెహర్ చూస్తానన్నా కసురుకునేవాడు.

అలాంటి మనిషి, గుంటూరులో రాష్ట్ర జట్టు ఎంపికల రోజున తనే ఆ పెట్టె తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. మెహర్ బూట్లు ముందురోజే నోరు తెరిచాయి మరి. వయసు ప్రకారం ఆమెకిదే ఆఖరి అవకాశం.

"కొత్తవిలాగే ఉన్నాయన్నా, నా కాలికీ సరిపోయాయి," అని మురిసిపోయింది.

అడుగు భాగం వేలికి జిగటగా తగిలింది. తేమలే అనుకుని కలీం ప్యాంటుకు తుడుచుకున్నాడు. కోచ్ అయూబ్ మాత్రం ముఖం చిట్లించాడు.

"ఇన్నేళ్లు వాడకుండా ఉంచితే లోపల చివికిపోద్దయ్యా. ఇంకో అమ్మాయి బూట్లు ఇప్పిస్తా, కాస్త వదులైనా పర్లేదు."

"మీరూరుకోండి సార్. ఇవి ఎగరడానికి పుట్టిన బూట్లు," అన్నాడు కలీం.

ఆట మొదలైంది. అబ్బ, ఏం పట్టు. మెహర్ ఎక్కడ ఆగాలంటే అక్కడ ఆగుతోంది. కలీం ఛాతీ పొంగిపోయింది. ఆ తర్వాతే చూశాడు, ఆమె మలుపు తిరిగిన చోటల్లా నేల మీద పసుపు రంగు పొడి రాలుతోంది. కాసేపటికి పొడి కాస్తా ముక్కలైంది.

రాలుతున్నది బూటు అడుగేనని అతనికి తెలిసిపోయింది. లేచి నిలబడ్డాడు. ఒక్క కేక వేస్తే ఆగిపోతుంది. అంతలో ఆమె విసిరిన బంతి వలలో పడింది, సెలెక్టర్లు ఒకరినొకరు చూసుకుని తలలాడించారు. ఇంకొక్కటి వేశాక పిలుద్దాంలే అని మళ్లీ కూర్చున్నాడు. కళ్లారా చూస్తూ కూడా కూర్చున్నాడు ఆ మహానుభావుడు.

మెహర్ ఎగిరింది. దిగేటప్పుడు ఎడమ బూటు అడుగు ఊడి పక్కకు జారింది. మోకాలు ఇంకోవైపు తిరిగిపోయింది. ఆ చప్పుడు కలీం కూర్చున్నచోటికి వినిపించింది.

పరుగెత్తాడు. మోకాలు అప్పుడే ఉబ్బుతోంది. ఐసు తెమ్మని అయూబ్ ఎవరినో కేకలేస్తున్నాడు. మెహర్ మాత్రం ఊడిన అడుగును రెండు చేతులా పట్టుకుని అన్న ముఖంలోకి భయం భయంగా చూసింది.

"నేనేం చెయ్యలేదన్నా. మామూలుగానే దిగాను. తిట్టొద్దు."