గుండ్ల మరకు పగవాడు

సాయంత్రం నాలుగింటికి పెద్దమేడం వస్తారు. ఈసారీ గ్రాఫులో ముళ్ళు కనిపిస్తే ప్రాజెక్టుకు తాళమే. చిట్టికి ఇది ఐదో ప్రయత్నం, ఆఖరిది.

రెండు లోహాల పొడిని ఉక్కు గుండ్లతో కలిపి జాడీలో పోసి, మరలో గిరగిరా తిప్పాలి. బడిపిల్లల్లా వరుస కట్టిన పరమాణువులు ఆ దెబ్బలకు చెల్లాచెదురై, లోహం గాజులా మారాలి. మారితే ఎక్స్‌రే గ్రాఫులో ముళ్ళు పోయి నున్నటి మూపురం ఒక్కటే మిగులుతుంది. నాలుగుసార్లూ ముళ్ళే మిగిలాయి.

ఆఫీసు వేళల్లోనే తిరిగే ఆ మర రొద భరించలేక చిట్టి అవతలి భవనంలో కూర్చునేది. రెండింటికి, మరిచిపోయిన కళ్ళజోడు కోసం వచ్చేసరికి మర ఆగి ఉంది. జాడీ ముట్టుకుంది. చెయ్యి చుర్రుమనాల్సింది, గోరువెచ్చగా ఉంది! మర ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టే మీటరు చూసింది. నిన్నటిదాకా మూడు రోజుల్లో ఇరవై నాలుగుసార్లు ఆగింది.

ఎవరో పగబట్టారు.

మర వేసి బీరువా వెనక నక్కింది. కాసేపటికి తలుపు కిర్రుమంది. ఒక చెయ్యి స్విచ్చి మీదికి పాకింది.

"దొరికావ్!"

"అమ్మో!" అని గెంతాడు దొంగ. చంకలో దిండు. సాక్షాత్తూ సొంత బాబాయి! ఆ సంస్థలోనే స్టోరుకీపరు, పోయిన వారమే పక్క గదిలోకి మారాడు.

"నా కొంప ముంచావు కదా బాబాయ్!"

"ముంచడమేంటే? ఇరవై నిమిషాలు కునుకు తీసి మళ్ళీ నేనే వేస్తున్నాగా."

"రోజుకి ఎనిమిది కునుకులా?"

"ఆఫీసు ఎనిమిది గంటలేగా అమ్మడూ!"

మళ్ళీ మొదలెట్టే వ్యవధి లేదు. ఉన్న పొడినే ఎక్స్‌రేలో పెట్టింది. నాలుగయింది. మేడం వెనకే నిలబడ్డారు. తెర మీద గీత పాకింది, లేచింది... ముల్లు కాదు. నున్నగా వంగి దిగింది. మూపురం!

"ఏం మార్చావ్?" అన్నారు మేడం.

చిట్టికి గోరువెచ్చటి జాడీ గుర్తొచ్చింది. ఆపకుండా తిప్పితే పొడి వేడెక్కుతుంది. ఆ వేడికి పరమాణువులు బుద్ధిగా మళ్ళీ వరుసలోకి వచ్చేస్తాయి. బాబాయి కునుకు తీసినప్పుడల్లా జాడీ చల్లారింది!

"మధ్యమధ్య చల్లార్చాను మేడం."

"బాగుంది. ప్రాజెక్టు ఇంకో ఏడాది కానివ్వు. పద్ధతి రాసిపెట్టు."

చిట్టి రాసింది: 'ప్రతి గంటకూ ఇరవై నిమిషాల విరామం.'

భుజం మీదుగా తొంగిచూశాడు బాబాయి. "విరామమా? కునుకని రాయవే. శాస్త్రంలో అబద్ధాలు రాస్తే కళ్ళు పోతాయ్!"