మూడు స్విచ్చులు, ఒక బల్బు

శనివారం సాయంత్రం గ్రంథాలయంలో పజిళ్ల సంఘం కూడే వేళకి, రిటైరైన లెక్కల టీచరుగారు అందరికంటే ముందే వచ్చి బోర్డు తుడుచుకుంటారు. ఆరేళ్లుగా చిక్కుప్రశ్న ఇచ్చేదీ ఆవిడే, వారమంతా అందర్నీ ఊరించి జవాబు చెప్పేదీ ఆవిడే. ఇన్నాళ్లలో ఆవిడ జవాబు తప్పన్నవాళ్లు లేరు. ఆ సంగతి ఆవిడ పైకి అనరు గానీ, నడకలో తెలిసిపోతుంది.

ఆ వారం ప్రశ్న ఇదీ: కింద మూడు స్విచ్చులున్నాయి. వాటిలో ఒకటే మేడ మీది బల్బుది. కింద నుంచి బల్బు కనిపించదు. ఒక్కసారే పైకెళ్లి చూసి, దాని స్విచ్చు ఏదో చెప్పాలి.

బేకరీ ఆయన వారమంతా పిండి పిసుకుతూ ఆలోచించి చేతులెత్తేశాడు. లైబ్రేరియనమ్మాయి, "పైకి మా ఆయన్ని పంపి ఫోన్ చేయించుకుంటానండీ" అంది. టీచరుగారు తృప్తిగా సుద్దముక్క అందుకున్నారు.

"మొదటి స్విచ్చు పది నిమిషాలు వేసి ఉంచి ఆపెయ్యాలి. వెంటనే రెండోది వేసి పైకెళ్లాలి. బల్బు వెలుగుతుంటే రెండోది. ఆరిపోయి వెచ్చగా ఉంటే మొదటిది. చల్లగా ఉంటే మూడోది."

బేకరీ ఆయన నుదురు కొట్టుకున్నాడు. "వేడి సంగతి నా బుర్రకి తట్టనే లేదు. పొద్దస్తమానం పొయ్యి దగ్గరే చస్తాను కదండీ."

అంతలో నిచ్చెన మీద ఫ్యాను బాగుచేస్తున్న ఎలక్ట్రీషియన్ గొంతు సవరించుకున్నాడు.

"అడగొచ్చో లేదో గానీ టీచరుగారూ, అది ఏ కాలం బల్బు?"

"బల్బు బల్బే కదయ్యా."

"పాతదైతే చెయ్యి చుర్రుమనేది. ఇప్పుడొచ్చే ఎల్‌ఈడీలు అలా కాదమ్మా."

టీచరుగారికి ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. "వాదన ఎందుకు, చేసి చూద్దాం" అన్నారు.

మేడ మీద పాత పుస్తకాల గది ఉంది. దాని స్విచ్చుబోర్డు మెట్ల కిందే ఉంది. "మూడింట్లో రెండు ఉత్తుత్తివి. పనిచేసేది నాకు తెలుసు, కానీ నోరు విప్పను" అన్నాడు ఎలక్ట్రీషియన్.

గడియారం చూసుకుంటూ టీచరుగారు మొదటిది వేశారు, పది నిమిషాలకి ఆపారు, రెండోది వేసి మెట్లెక్కారు. గది చీకటి. గోడకున్న బల్బు తెల్లటి బుడ్డి మీద చెయ్యి వేశారు. కడిగి బోర్లించిన గిన్నెలా చల్లగా ఉంది. హుందాగా దిగొచ్చి, "మూడోది" అన్నారు.

లైబ్రేరియనమ్మాయి పైకెళ్లి నిలబడింది. ఎలక్ట్రీషియన్ మూడోది నొక్కాడు.

"వెలగలేదండీ."

మొదటిది నొక్కాడు.

"ఆ, వెలిగింది."

బేకరీ ఆయన తన చెప్పులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. టీచరుగారి చెవులు వేడెక్కాయి. ఎన్ని వేల నోటుపుస్తకాల్లో ఎర్రసిరాతో 'తప్పు' అని రాశారో ఆవిడకే లెక్కలేదు. అవతలివైపు ఇలా ఉంటుందని ఇన్నాళ్లకి తెలిసింది.

"జవాబు తప్పు కాదమ్మా, చెయ్యి వేసిన చోటు తప్పు" అన్నాడు ఎలక్ట్రీషియన్ నెమ్మదిగా. "వీటికి వేడంతా బుడ్డి కింద, హోల్డరుకి తగిలించే మెడ దగ్గరే. ఈసారి అక్కడ పట్టుకుని చూడండి."

మళ్లీ పది నిమిషాలు వెలిగించి ఆపారు. టీచరుగారు మళ్లీ మెట్లెక్కారు. మెడ దగ్గర పట్టుకుంటే, అప్పుడే తాగేసిన టీ గ్లాసులా వెచ్చగా ఉంది. పైనుంచి ఆవిడ పకపకా నవ్వడం కిందివాళ్లకి వినిపించింది. ఆరేళ్లలో ఎవరూ వినని నవ్వు అది.

కిందికొచ్చి బోర్డు మీద జవాబు పక్కన 'మెడ దగ్గర' అని చేర్చారు. "వచ్చే వారం ప్రశ్న మీదే" అన్నారు ఎలక్ట్రీషియన్‌తో.

"నా చదువు అంతంతమాత్రమమ్మా."

"చదువు సంగతి నాకు వదిలెయ్యండి. ప్రశ్న పట్టుకురండి చాలు."

"పట్టుకురావడం ఎందుకు, ఇప్పుడే ఉంది." సంచి సర్దుకుంటూ చెప్పాడతను. "ఒకే రంగు వైర్లు మూడు, కింద నుంచి పై అంతస్తుకి ఒకే గొట్టంలో వెళ్లాయి. పైనున్న ఏ కొస కిందున్న ఏ కొసదో తెలీదు. చేతిలో ఒక బ్యాటరీ, ఒక బల్బు. ఎన్నిసార్లు మెట్లెక్కితే తేలుతుంది?"

ఇంటికెళ్లే బస్సులో టీచరుగారు టికెట్టు వెనక మూడు గీతలు గీశారు. రెండింటి కొసలు కలిపారు, కొట్టేశారు, మళ్లీ కలిపారు. తలెత్తి చూసేసరికి దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు ముందుకొచ్చేశారు. దిగి, రోడ్డు దాటి, వెనక్కి వెళ్లే బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నారు. బస్సు వచ్చింది, కాసేపు ఆగింది, వెళ్లిపోయింది. ఆవిడ చూడనే లేదు.