గాలిపంపు విప్పిన రోజు

బ్యాటరీ తీగ విప్పి పక్కకు వంచాక, హెర్మీనియో కోత్తో ఇంజను మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. రాత్రంతా షెడ్డులో ఉన్న లోహం చల్లగా తగిలింది. వేడి మీదున్న ఇంజను జోలికి అతను పోడు. ఎంత తొందర పనైనా సరే, ముందు చెయ్యి ఆనించి చూసుకుని, ఆ తర్వాతే పానా అందుకుంటాడు.

బానెట్ ఎత్తిన ఆ తెల్ల మాజ్దా ముందు అతను మరీ చిన్నగా కనిపిస్తున్నాడు. మొదట్నుంచీ పొట్టి మనిషి. మెడ మీద చర్మం ఎండకు రాగిరంగు తేలి, సన్నటి మడతలు పడింది. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. గోళ్ల అంచుల్లో ఏ సబ్బుకూ లొంగని నలుపు. చొక్కా మాత్రం రోజూ ఇస్త్రీ చేసిందే. సాయంత్రానికి అది గ్రీజు గుడ్డవుతుందని తెలిసినా, భార్య మిలాగ్రోస్ ఏనాడూ ఇస్త్రీ మానలేదు.

ఉమకావో ఊరి చివర, సముద్రం వైపు పోయే దారిలో ఉంది ఆ వర్క్‌షాప్. రోటరీ ఇంజన్లున్న కార్లకు ఆ దీవి తూర్పు తీరమంతా అదే దిక్కు. గోడ నిండా ఫొటోలు. ముందు చక్రాలు గాల్లోకి లేచిన కార్లు, కప్పులు పట్టుకుని పళ్లికిలించిన డ్రైవర్లు, వాళ్ల భుజాల మీద చేతులేసిన యజమాని తీతో రోలోన్. ఏ ఫొటోలోనూ హెర్మీనియో లేడు. ఇంజను వేగం పెంచే టర్బో బిగించేది తీతో, దాని పైపులు అతికేది తీతో, పందెం రోజున ట్రాక్ దగ్గర నిలబడేది తీతో. దానికి ముందు ఇంజను చుట్టూ అల్లుకుని ఉన్నదంతా విప్పి, టర్బోకు చోటు చేసిపెట్టేది హెర్మీనియో. విప్పేవాడికి ఎవరూ ఫొటో తియ్యరు. అతనికీ ఆ ధ్యాస ఎప్పుడూ లేదు.

ఈ కారు నెరెయ్దా కీలెస్‌ది. ఆమె స్కూలు బస్సు డ్రైవరు. వెడల్పాటి భుజాలు, ఎంత దూరానికైనా వినిపించే గొంతు. ఆ రోజు బడికి సెలవు కావడంతో తెల్లారేసరికే వచ్చి, తలగుడ్డ బిగించుకుని కారు పక్కన నిలబడింది. హెర్మీనియోను అందరిలాగే ఆమె కూడా గౌరవంగా డోన్ మీనియో అంటుంది.

"మీకు టార్చి పట్టుకోనా డోన్ మీనియో, లేకపోతే మీ చెయ్యి పట్టుకోనా?"

"టార్చి పట్టుకో చాలు. చెయ్యి పట్టుకుంటే మా మిలాగ్రోస్ నీ బస్సు టైర్లు కోసేస్తుంది."

నవ్వుతూనే పానా కిందపెట్టి, ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. గాలిపంపు విప్పే ముందు ప్రతి ఒక్కరినీ అతను అడిగే ప్రశ్న ఒకటుంది.

"ఈ బండి రోడ్డెక్కదు కదా?"

"ఎక్కదు. నా ట్రక్కు వెనక ట్రాలీ మీద కట్టుకుని పోతా, ట్రాక్ మీదే దించుతా. మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మని వదిలెయ్. నీ మాట చాలు."

లోపలి గదిలోంచి తీతో గొంతు వినిపించింది. "మళ్లీ మొదలెట్టారా? పోలీసులైనా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు!"

హెర్మీనియో మళ్లీ పానా అందుకున్నాడు. గాలిపంపు విలువ ఏమిటో అతనికి పుస్తకాల్లోంచి తెలియలేదు. మిలాగ్రోస్‌కు ఉబ్బసం. కొన్ని రాత్రులు మంచం అంచున కూర్చుని, ముక్కు మీద మాస్కు పెట్టుకుని ఆమె గాలి కోసం వెతుక్కుంటుంటే, అతను వీపు నిమురుతూ కూర్చునేవాడు. ఇంజను పక్కనుండే ఈ పంపు బయటి గాలిని పీల్చి పొగగొట్టంలోకి తోస్తుంది. మండకుండా మిగిలిన ఇంధనం అక్కడ మండిపోతుంది, బయటికొచ్చే పొగలో విషం తగ్గుతుంది. టర్బో పెట్టాలంటే దాని చోటు కావాలి, పందెం కారుకు దాని బరువు దండగ. కాబట్టి విప్పుతాడు. కానీ వీధుల్లో తిరిగే బండిదైతే ముట్టుకోడు. ఒకసారి తీతో స్నేహితుడొకడు రోడ్డు కారు తెచ్చి ఎంత బతిమాలినా, హెర్మీనియో చేతులు తుడుచుకుని వెళ్లి గేటు దగ్గర కూర్చున్నాడు. అప్పుడు తీతో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత తనే కాఫీ తెచ్చి పక్కన పెట్టాడు.

హెర్మీనియో బిగువు బోల్టు వదులు చేసి, పంపును ఇంజను వైపు నెట్టి, బెల్టు జార్చాడు. గొట్టాలను లాగలేదు. వేళ్లతో అటూ ఇటూ మెలితిప్పుతూ, అతుక్కున్న రబ్బరు తనంతట తాను వదిలేదాకా ఆగాడు. పంపు బయటికొచ్చాక రెండు చేతులతో ఎత్తి, దాని చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. మెత్తగా తిరిగింది.

"పాపం, దీని తప్పేం లేదు," అన్నాడు. "ఇన్నేళ్లూ నోరెత్తకుండా పని చేసింది."

పాత గుడ్డతో దాన్ని తుడిచి, నూనె రాసి, దాని బోల్టులు దానికే వేళ్లతో ఎక్కించి, రొట్టెల సంచీలో చుట్టాడు.

"చెత్తలో వేసేదానికి ఇంత ముద్దా?" అంది నెరెయ్దా.

"చెత్తలో వెయ్యకు తల్లీ. రేపు నువ్వే మనసు మార్చుకోవచ్చు. నీ తర్వాత ఇంకెవరైనా దీన్ని రోడ్డెక్కించాలనుకోవచ్చు. వాళ్లకి ఇది కావాలి. పీకడం ఎవడైనా పీకుతాడు. మళ్లీ బిగించుకునేలా విప్పితేనే విప్పినట్టు."

ఆ మాట అతను నేర్చుకున్నది పక్క ఊరు యాబుకోవా చెరకు మిల్లులో. తండ్రి చెరకు కొట్టిన పొలాల మధ్యే ఆ మిల్లు. హెర్మీనియో కుర్రతనంలోనే అందులో చేరి, రోలర్లకు నూనె పోస్తూ సగం వయసు గడిపాడు. మిల్లు మూతపడ్డాక యంత్రాలన్నీ సముద్రం అవతల దొమినికన్ దేశం వాళ్లు కొనుక్కున్నారు. విప్పి ఓడలకెక్కించే పనికి పాత కార్మికుల్నే పిలిచారు. చాలామంది ఏడుపుతోనో కోపంతోనో సమ్మెటలు తీసుకున్నారు. హెర్మీనియో మాత్రం పెయింటు డబ్బా, సన్న కుంచె తెచ్చుకుని, ఏది దేనికి అతకాలో గుర్తులు పెడుతూ ఒక్కొక్కటే విప్పాడు. కొన్నేళ్లకు అక్కణ్ణుంచి వచ్చినవాడొకడు, ఆ రోలర్లు ఇప్పటికీ చెరకు పిండుతున్నాయని చెప్పాడు. ఆ సాయంత్రం హెర్మీనియో ఇంటికెళ్లి మిలాగ్రోస్‌ను పట్టుకుని వంటింట్లో నాట్యం చేశాడు. ఆమెకు కారణం చెప్పడానికి చాలాసేపు పట్టింది.

పదకొండు దాటాక అసలు చిక్కు వచ్చింది. పంపునుంచి వచ్చే గాలిని ఎటు పంపాలో నిర్ణయించే కవాటం ఒకటి, ఇంజనుకు గాలి అందించే అల్యూమినియం మానిఫోల్డుకు బోల్టులతో బిగించి ఉంటుంది. అన్నీ ఊడాయి, కిందిది ఒక్కటి కదల్లేదు. ఉప్పుగాలికి ఆ ఇనుము అల్యూమినియంతో ఒక్కటైపోయింది.

తీతో బోల్టులు విప్పే గన్ పట్టుకొచ్చి వంగి చూశాడు. పెద్ద చేతులు, చిన్న ఓపిక. "గన్ పెట్టి ఒక్క దెబ్బ కొడదాం. విరిగితే విరిగింది, డ్రిల్ చేసేస్తా."

"డ్రిల్ పక్కకి జారితే?"

"ఇంకో మానిఫోల్డు వెతుకుదాం. ప్రపంచంలో ఇదొక్కటే ఉందా?"

  నెరెయ్దా తలగుడ్డ తీసి మళ్లీ కట్టుకుంది. అప్పుడు చెప్పింది.

"అది ఒబెద్ చేసిందండీ."

ఒబెద్ ఆమె తమ్ముడు. పెద్ద తుఫాను వచ్చి నెలల తరబడి కరెంటు లేని రోజుల్లో, పనీపాటా లేక, ఆ మానిఫోల్డును ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చునేవాడు. ఉప్పుకాగితం వేలికి చుట్టి, లోపలి దారులన్నీ పగటి వెలుతురులో గాజులా నున్నగా చేశాడు. యంత్రం లేదు, వేలే. ఎప్పటికైనా ఈ కారుకు టర్బో పెట్టి, అక్కను నడపమని తాను పక్కన నిలబడి చూడాలని అతని కోరిక. ఆ కోరిక తీరకముందే కిడ్నీ జబ్బు అతన్ని తీసుకుపోయింది.

తీతో గన్ కిందపెట్టాడు.

"మీరు చూడండి డోన్ మీనియో," అన్నాడు నెమ్మదిగా. "నేను అవతల పైపులు చూసుకుంటా. నా వేళ్లకి అంత తీరిక లేదు."

హెర్మీనియో చిన్న మంట వెలిగించి, బోల్టు చుట్టూ అల్యూమినియాన్ని వేడి చేశాడు. మరీ దగ్గరకు పోనివ్వలేదు. వేడెక్కాక కొవ్వొత్తి ముక్క బోల్టు మెడకు తాకించాడు. మైనం కరిగి సన్నని సందులోకి జారింది. చల్లారనిచ్చాడు. మళ్లీ వేడి, మళ్లీ మైనం. అప్పుడు పానా పెట్టి, విప్పే వైపు కాదు, బిగించే వైపు వెంట్రుకవాసి నొక్కాడు.

"అటెందుకు?" నెరెయ్దా టార్చి దగ్గరకు జరిపింది.

"అలిగినోళ్లని ముందు వాళ్లనుకున్న వైపే పోనివ్వాలి."

మధ్యలో ఒకసారి ఆగి, ఎడమచెయ్యి విదిలించుకుని భుజం నొక్కుకున్నాడు. వంగి వంగి పట్టేసిందనుకున్నాడు. మధ్యాహ్నం మిలాగ్రోస్ ఫోన్ చేస్తే స్పీకరు పెట్టి పక్కన ఉంచాడు.

"తిన్నావా ముసలాయనా?"

"తింటా."

"తింటా అంటే తినలేదని. కందిగింజల అన్నం ఎండిపోతుంది, ముందది తిను. గొంతేంటి అలా ఉంది?"

"బోల్టు దగ్గరున్నా."

"నాకంటే ఎక్కువైపోయింది నీకా బోల్టు. అడిగానని చెప్పు దాన్ని."

నెరెయ్దా పగలబడి నవ్వింది. పొద్దుటి తర్వాత మళ్లీ నవ్వడం అదే. డబ్బా మూత తీసి, సగం అన్నం తిని, మిగతాది ఆమెకిచ్చాడు.

తర్వాత ఎంతసేపటికో, వర్షం రాబోతూ షెడ్డు చీకటిపడ్డ వేళ, పానా కింద బోల్టు సన్నగా కిచ్చుమంది. ఉడుతపిల్ల అరిచినట్టు. హెర్మీనియో వెంటనే ఆపాడు. మళ్లీ కాస్త బిగించి, మళ్లీ కాస్త వదిలాడు. అలా ముందుకూ వెనక్కూ, బుజ్జగిస్తున్నట్టు. చివరికి బోల్టు వేళ్లతోనే తిరిగి, మరలు ఒక్కటీ చెడకుండా చేతిలోకి వచ్చేసింది. అరచేతిలో పెట్టి చూపించాడు. నెరెయ్దా చూడలేదు. అతని నుదుటి మీద, మసి ఉన్న చోటే ముద్దు పెట్టి, టార్చి కింద పడేసి బయటికి వెళ్లిపోయింది.

కవాటం లాగగానే కనబడిన దారిలోకి హెర్మీనియో టార్చి వేసి తొంగి చూశాడు. లోపల గోడలు నీళ్లలా మెరిశాయి. అందులో చనిపోయిన ఆ అబ్బాయి వేలి జాడ వెతికాడు, ఒక్క గీతా దొరకలేదు. "పనివాడు," అన్నాడు తనలో తాను.

తెరుచుకున్న కంతను మూయడానికి మందపాటి అల్యూమినియం పలకను తనే కోసి, అంచులు ఆకురాయితో నున్నగా చేశాడు. సందుల్లోంచి గాలి కారకుండా అట్ట గాస్కెట్ పెట్టి, బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి ఎదురెదురుగా బిగించాడు. గాలిపంపు బెల్టు పోయాక నీటి పంపును తిప్పే బెల్టు ఒక్కటే మిగులుతుంది గనుక, దాన్ని బొటనవేలితో నొక్కి బిగువు చూసుకున్నాడు. బ్యాటరీ తీగ తగిలించి తీతోను పిలిచాడు.

తిరిగొచ్చిన నెరెయ్దా స్టార్ట్ చేసింది. రోటరీ ఇంజను ఒకసారి దగ్గి, అందుకుంది. పంపు రొద లేకపోయేసరికి దాని అసలు గొంతు వినబడింది. గరుకుగా, చురుగ్గా, ఎక్కడా తొట్రుపడకుండా. షెడ్డు రేకులు వణికాయి. తీతో ఆ పలక చుట్టూ సబ్బునీళ్లు చల్లి, మోకాళ్ల మీద వంగి వెతికాడు. ఒక్క బుడగ లేదు. హెర్మీనియో వైపు చూసి టోపీ తీశాడు. గోడ మీది ఏ ఫొటోలోనూ తీతో నెత్తి మీంచి ఆ టోపీ దిగలేదు.

టర్బో వేసవిలో సిద్ధమైంది. సలీనాస్ ట్రాక్ మీద ఆ తెల్ల కారు, పేరున్న రెండు కార్లను వెనక వదిలేసి గీత దాటింది. కారు దిగిన నెరెయ్దా కప్పు కోసం వెళ్లకుండా బానెట్ ఎత్తి, ఆ పలక మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. ఆమె మాట నిలుపుకుంది. ఆ కారు ఈనాటికీ రోడ్డెక్కలేదు. గాలిపంపు ఆమె ఇంట్లో రొట్టెల సంచీలోనే ఉంది.

కానీ హెర్మీనియోకు ఆ వేసవి రాలేదు.

గాలిపంపు విప్పిన ఆ సాయంత్రమే, వర్షం ధారగా పడుతుంటే, నెరెయ్దా సిగ్నలు దగ్గర అమ్ముతున్న కమలాపండ్లు ఓ వల సంచీ కొనుక్కొచ్చింది. పండొకటి తీసుకుని హెర్మీనియో చూరు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. జేబుకత్తితో, తెల్ల పొర చెదరకుండా, తొక్కను సన్నని రిబ్బనులా గుండ్రంగా తీయసాగాడు. లోపల తీతో, నెరెయ్దా బానెట్ మీద వంగి, టర్బో ఎక్కడ కూర్చోవాలో వాదించుకుంటున్నారు.

"పైపు ఇటే తిప్పాలి," అంది ఆమె.

"నువ్వు బస్సు తిప్పమ్మా, పైపు నాకొదిలెయ్. డోన్ మీనియో, మీరు చెప్పండి ఈవిడకి."

తీతో తలెత్తి చూరు వైపు చూశాడు.

"డోన్ మీనియో?"

అతను గడ్డం ఛాతీకి ఆనించి, వాన వైపు ముఖం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నెరెయ్దా పరుగున వచ్చి మోకాళ్ల మీద కూలబడి, మణికట్టు పట్టుకుంది. తీతో వెనకే వచ్చి, ఏం చెయ్యాలో తెలియక, వానజల్లు అతని మీద పడకుండా తన చొక్కా విప్పి అడ్డం పెట్టాడు. చాలాసేపు అలా పట్టుకునే నిలబడ్డాడు.

మిలాగ్రోస్‌కు ఫోన్ చేసింది నెరెయ్దా. అంత పెద్ద గొంతూ ఆ ఒక్కసారి మాటలు కూడబలుక్కుంది.

అంబులెన్సు వెళ్లిపోయాక కుర్చీ ఖాళీగా ఉంది. దాని చేతి మీద పండు, ఇంకా తొడిమ దగ్గర అంటుకునే ఉండి, ఎక్కడా తెగకుండా నేల దాకా వేలాడుతున్న తొక్క.