కళ్లకింద కరిగిన నలుపు

చెంబెడు నీళ్లు ముఖాన పడగానే పొట్టేలు కళ్లకింది నల్లమచ్చలు కరిగి, గడ్డం మీదుగా కారిపోయాయి.

ఆదిశేషమ్మ చేతిలోని చెంబు జారిపడింది. వరికుంటపాడు దగ్గరి ఆ ఊళ్లో అందరికీ తెలిసిన వాళ్ల జోడిపి పొట్టేలు కాదిది. జోడిపి అంటే ఒళ్లంతా తెలుపు, కళ్లకింద పుట్టునలుపు. ఇదేమో మామూలు తెల్లది. ఎవరో కాటుక పూసి కట్టేశారు.

నిరుడు కొడుక్కి ఆటలమ్మ పోసినప్పుడు ఆమె భర్త కామయ్య ఆ జోడిపిని పోలేరమ్మకు మొక్కాడు. మొక్కు తీర్చాల్సింది ఈరోజే. విందుతోపాటు కొడుకు పెళ్లి మాట కూడా ఖాయం చేసుకుందామని ఆత్మకూరు నుంచి పిల్ల తండ్రి వెంగయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

1974 నాటి మాట. తర్వాతి కాలంలో రాజకీయాల్లో పేరు తెచ్చుకున్న మస్తానమ్మకు తండ్రి అయింది ఈ కొడుకే, పెంచలనరసయ్య. అప్పటికి అతనికున్న పేరల్లా ఒకటే: పొట్టేలుకు ముద్ద పెట్టందే తాను తినడని. అనుమానం నేరుగా వచ్చి అతని మీదే వాలింది.

"యాడ దాచినావురా?" అన్నాడు పెదనాన్న జనార్దనయ్య.

"నేనెందుకు దాస్తా, పెదనాయనా?"

"దాన్ని కోస్తారని నిరుటి నుంచి మొహం వేలాడేసుకోని తిరగతా ఉండావు గదరా."

వెంగయ్య లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అమ్మోరి సొమ్ము దాచేవాడికి నా బిడ్డనియ్యను."

పెంచలనరసయ్య ముఖం పాలిపోయింది. ఆ పిల్ల తప్ప ఇంకో సంబంధం వద్దని ఇంట్లో పోట్లాడి కూర్చున్నవాడు మరి.

జనార్దనయ్య పొట్టేలు చెవి తిప్పి చూశాడు. చెవి కొసన కామయ్య మందకు వేసే గాటు ఉంది. "ఇది మన మందలోదే. బయట దొంగ పని కాదు. అయినా ఆ జోడిపి తండ్రీకొడుకులు పిలిస్తే తప్ప అడుగెయ్యదు."

"మొన్న నేనే కడిగినా దాన్ని," అంది ఆదిశేషమ్మ. "అప్పుడు నలుపు పోలా. నిన్ననే మార్చినారు."

మెట్టు దిగబోతున్న వెంగయ్య ఆగిపోయాడు.

"నిన్ననా? నిన్నంతా మీవాడు ఆత్మకూరులో మా దొడ్డికి కంచె కడతా ఉండాడే. పొద్దున నాతోనే గదా బస్సు దిగినాడు."

తండ్రీకొడుకుల్లో కొడుకు తప్పుకుంటే మిగిలింది ఒక్కడే. అందరి చూపులూ మూలన కట్టెల మోపు మీద కూర్చున్న కామయ్య వైపు తిరిగాయి. తెల్లటి తలగుడ్డ అంచున నల్లటి వేలిముద్రలు స్పష్టంగా ఉన్నాయి.

"ఏమయ్యా," అంది ఆదిశేషమ్మ, "ఆ మరకలేంది?"

కామయ్య తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేనే మార్చినాను. మొక్కినప్పుడు అది పొట్టేలు, వీడు కొడుకు. ఇప్పుడు ఇద్దరూ కొడుకులే అయిపోయినారు. వీడు ముద్ద పెట్టేది ఊరంతా చూసింది, వీడు అటు పోయినాక నేను పెట్టేది ఎవురూ చూళ్లా. నిన్న దాన్ని ఉదయగిరి బస్సెక్కించి, మా చెల్లెలు పిచ్చమ్మ దొడ్లో కట్టేసి వచ్చినా. కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టినాడు. పోలేరమ్మకు ముందే చెప్పుకున్నా, మందలో ఇంకేది కావాల్నో తీసుకో తల్లీ అని. ఆమెకు చెప్పేదానికి భయపడలా. మా ఇంటామెకు చెప్పేదానికే భయమేసి కాటుక పూసినా. వెంగయ్య బావా, ఆ తువ్వాలు కింద పెట్టు. దొంగను నేను, పెళ్లికొడుకు వాడు."